ఉల్లివేరు కొన చదవడం (డీఎన్‌ఏ దెబ్బ పరీక్షలు: 4వ పాఠం)

క్రితం పాఠం వచ్చాక ఇక్కడ ఒడిశాలో మా గుణుపురంలోనే ఒకాయన ఫోన్ చేసి అడిగారు: "మాస్టారూ, ఆ ఏమ్స్ పరీక్షేదో భువనేశ్వర్ ఎయిమ్స్‌లో చేయించుకోవచ్చా? మా ఆవిడకి ఎన్నాళ్లనుంచో నీరసం." తప్పు నాదే. పేరు చెప్పాను గానీ అది ఎక్కడిదో చెప్పలేదు. ఆ ఏమ్స్ ఆసుపత్రి పేరు కాదండీ, మనిషి పేరు. బ్రూస్ ఏమ్స్ అమెరికాలో బర్క్‌లీలో పనిచేసిన శాస్త్రవేత్త, 2024లో పోయారు. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారుచేసుకోలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియాతో 1970ల్లో ఈ పరీక్షకి రూపం ఇచ్చారు. హిస్టిడిన్ దాదాపు లేని ప్లేటు మీద అవి పెరగలేవు. మనం కలిపిన రసాయనం వాటి డీఎన్‌ఏని మారిస్తే, ఆ మార్పుల్లో ఏ ఒకటో రెండో చెడిన జన్యువును మళ్లీ సరిచేస్తాయి. అలా సరైన బ్యాక్టీరియా ఒక్కొక్కటీ పెరిగి ప్లేటు మీద ఒక చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్కలే లెక్కపెడతారు. అంటే పరీక్ష జరిగేది రసాయనానికి. నీరసానికి డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

ఆ పరీక్ష మన ఇళ్లల్లో చేసేదీ కాదు. ఈ పాఠంలోది మాత్రం మన చేత్తో చేయొచ్చు: ఉల్లివేరుని ఏదో ఒకటి కలిపిన నీళ్లలో ఉంచి, దాని కణాల్లో డీఎన్‌ఏ దెబ్బతిందేమో చూడటం. ఉల్లిపాయలు, నీళ్లు, బ్లేడు మనవి. మైక్రోస్కోపు, రంగు, ఆమ్లం కాలేజీ ల్యాబ్‌వి. ఆ రెండో సగం పని ల్యాబ్‌లోనే, అక్కడి వాళ్లని అడిగి చేసుకోండి.

ఉల్లే ఎందుకంటే, దాని కణంలో క్రోమోజోములు, అంటే డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే పోగులు, 16 మాత్రమే, అవీ లావుగా పొడుగ్గా ఉంటాయి. మామూలు కాలేజీ మైక్రోస్కోపుకి కూడా దొరుకుతాయి. వేరు చివర ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర కణాలు ఆగకుండా విడిపోతూ ఉంటాయి. స్వీడన్‌లో లెవాన్ అనే ఆయన 1938లో కొల్చిసిన్ అనే రసాయనాన్ని ఉల్లివేర్ల మీద పెట్టి చూశారు. 1985లో ఫిస్కెస్యో అనే శాస్త్రవేత్త దీన్ని రసాయనాలకీ మురికి నీళ్లకీ పనికొచ్చే పద్ధతిగా కుదిర్చారు. ఇప్పటికీ నదినీళ్లు, ఫ్యాక్టరీ నీళ్లు పరీక్షించేవాళ్లు దీన్ని వాడుతున్నారు.

సంతలో ఉల్లి కొనేటప్పుడు ఒక్క మాట. చిన్నవి, ఎండినవి, అడుగున వేర్ల పీచు చెక్కుచెదరనివి ఏరుకోండి. పది తెచ్చి నీళ్లమీద పెడితే రెండు మూడిటికి వేరు రాకపోవడం మామూలే. పదికి పదీ మొండికేస్తే సరుకు అనుమానించండి. నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో ఉల్లి మొలకెత్తకుండా గామా కిరణాలు పట్టే కేంద్రం ఉంది. ఆ కిరణాలు చేసే పనేమిటి? పెరిగే కొనలో కణాల డీఎన్‌ఏని దెబ్బతీయడమే. తినడానికి ఆ ఉల్లికి ఏ దోషమూ లేదు, కూరలో నిక్షేపంగా వేసుకోవచ్చు. మన ప్రయోగానికి మాత్రం పనికిరాదు. మనం మొదలుపెట్టకముందే దానికి పరీక్ష అయిపోయింది!

ఇక దేన్ని పరీక్షించాలి? పత్తిచేలకి కొట్టే మందే పరీక్షిద్దామని ముగ్గురు రాశారు. ఆ కుతూహలం నాకు అర్థమవుతుంది, రాయగడ జిల్లాలో పత్తి వేసే ఏ ఇంట్లోనైనా ఆ డబ్బా ఉంటుంది. అయినా వద్దు. పిల్లలు తిరిగే గదిలో, మంచినీళ్ల గ్లాసుల పక్కన పురుగుమందు కలిపి మూడు రోజులు ఉంచడానికి నేను ఒప్పుకోను. నేను ఎంచుకున్నది గుడాఖు. మన వైపు పొద్దున్నే పళ్లకి రాసుకుని అరుగు మీద కూర్చునే ఆ నల్లటి ముద్దలో ఉండేది పొగాకూ బెల్లపు మడ్డీ. నోట్లో పెట్టుకునేదే కదా అని చులకనగా చూడకండి. పొగాకు పొగాకే, ఆ నీళ్లున్న సీసాలు పిల్లలకి అందనీయకండి.

ఒక గ్రాము గుడాఖుని 100 మిల్లీలీటర్ల బావినీళ్లలో రాత్రంతా నానబెట్టి గుడ్డలో వడకట్టండి. ఇది మొదటి మోతాదు. దాన్లో సగం తీసి అంతే నీళ్లు కలిపితే రెండోది, మళ్లీ అలాగే మూడోది. నాలుగోది వట్టి బావినీళ్లు. కుళాయి నీళ్లు వద్దు, అందులో క్లోరిన్ ఉంటుంది. ఒక్కో మోతాదుకి ఐదు ఉల్లిపాయలు, అంటే 20 సీసాలు. తర్వాత పారేసే జామ్ సీసాలు, చిన్న డబ్బాలు చాలు. టీకొట్టు గ్లాసులు మాత్రం తేవద్దు, అవి మళ్లీ టీకే వెళ్తాయి. ఉల్లి అడుగు నీటిని తాకుతూ ఉండాలి, మునగకూడదు. రోజూ పాత నీళ్లు తీసి, అదే మోతాదు మళ్లీ పోయండి. మూడో రోజు స్కేలుతో వేర్లు కొలవండి.

వట్టి నీళ్లలో సగటు 30 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, మొదటి మోతాదులో 3, రెండో దాంట్లో 14, మూడో దాంట్లో 24. వీటిలో స్లైడుకి ఏది తీసుకుంటారు? కొత్తవాళ్లు ఎప్పుడూ 3 మిల్లీమీటర్ల వేరునే పట్టుకుంటారు, ఎక్కువ దెబ్బ అక్కడే కనిపిస్తుందని. అది పొరపాటు. ఆ వేరులో కణాలు విడిపోవడమే మానేశాయి. విభజన లేకపోతే క్రోమోజోము కంటికి కనబడదు, విరిగిందో లేదో తెలిసే దారి ఉండదు. చంపడం వేరు, డీఎన్‌ఏని గాయపరచడం వేరు. మైలుతుత్తం నీళ్లలో పెట్టినా వేరు ఎదగదు. అంతమాత్రాన మైలుతుత్తం క్రోమోజోముల్ని విరిచిందని రాసేస్తామా? మనకి కావలసింది సగం ఎదిగిన వేరూ, అంతకంటే కాస్త బాగున్న వేరూ. దెబ్బ తిని కూడా విడిపోతున్న కణమే మనకి సాక్ష్యం చెబుతుంది.

కాబట్టి ఇంకో విడత ఉల్లిపాయలు వట్టి నీళ్లలో పెట్టి, వేర్లు రెండు సెంటీమీటర్లు కాగానే 24 గంటలు రెండో మోతాదులో, మూడో మోతాదులో, వట్టి నీళ్లలో ఉంచండి. మర్నాడు ఉదయం 8, 10 గంటల మధ్య కొనలు కోయండి, ఆ వేళ విభజనలు ఎక్కువ దొరుకుతాయి. కోసిన వెంటనే మూడు పాళ్లు ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఒక రోజు ఉంచాలి. కణాలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఆల్కహాలంటే ల్యాబ్ ఆల్కహాలు. ఇప్పసారా పనికొస్తుందా అని ఒకతను నిజంగానే అడిగాడు. రాదు నాయనా!

తర్వాత 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, 60 డిగ్రీల వేడి నీటి తొట్టిలో, 5 నుంచి 8 నిమిషాలు. కణాలని అంటిపెట్టి ఉంచే జిగురు సడలిపోతుంది. కళ్లకి ల్యాబ్ రక్షణ అద్దాలు పెట్టుకోండి. నీళ్లతో కడిగి ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగులో ఓ అరగంట వేయండి. ఇప్పుడు కొన చూస్తే చిట్టచివర ముదురెరుపు, పైకి వెళ్లేకొద్దీ పాలిపోయి ఉంటుంది. ఆ ముదురు ముక్క, బియ్యపుగింజలో పావువంతు ఉంటుందేమో, అదొక్కటే ఉంచి మిగతాది బ్లేడుతో తీసేయండి. ఇక్కడ కక్కుర్తి పడి పెద్ద ముక్క ఉంచితే విడిపోయే కణాలు వందల మామూలు కణాల్లో కలిసిపోతాయి.

స్లైడు మీద ఆ ముక్క, ఒక చుక్క రంగు, పైన కవర్ స్లిప్. అగ్గిపుల్ల వెనకవైపుతో మెల్లగా తట్టండి. ముక్క పొగమంచులా విచ్చుకుంటుంది. మడిచిన బ్లాటింగ్ కాగితం పైన పెట్టి, బొటనవేలు నిటారుగా దించి ఒక్కసారి గట్టిగా నొక్కండి. వేలు వెంట్రుకవాసి పక్కకి జరిగినా కణాలు ఒకదాని మీదొకటి దొర్లిపోతాయి, ఆ స్లైడు పోయినట్టే. నేను కాలేజీలో ల్యాబ్ చూసుకున్న రోజుల్లో మొదటి నెలంతా అలాగే పాడుచేశాను. ఊపిరి బిగపట్టి నొక్కడం అప్పుడు అలవాటైంది, ఇప్పటికీ పోలేదు.

మైక్రోస్కోపులో ముందు పదింతలుగా పెంచే కటకంతో గుంపుని వెతికి, తర్వాత నలభైతో చదవండి. ఎక్కువ కణాలు గుండ్రటి కేంద్రకంతో ఊరికే కూర్చుని ఉంటాయి. కొన్నిటిలో దారప్పోగుల ఉండ, అది ప్రథమ దశ. నడిమికి వరస కట్టి నిలబడితే మధ్య దశ. రెండు గుంపులై చెరో కొసకి వెళ్తుంటే చలన దశ. రెండు కొత్త కేంద్రకాలు కనిపిస్తే అంత్య దశ. ఇది బడి పుస్తకాల్లో ఉన్నదే.

దెబ్బ ఎక్కువగా చలన దశలో బయటపడుతుంది. రెండు గుంపులూ దూరం జరిగాయి గానీ మధ్యలో ఒక ఎర్రటి దారం ఇంకా సాగుతూ ఉంటే దాన్ని వంతెన అంటారు. విరిగిన కొసలు రెండు తప్పుగా అతుక్కుని, ఆ క్రోమోజోముని రెండు గుంపులూ చెరోవైపు లాగుతున్నాయన్నమాట. ఏ గుంపుకీ చెందకుండా నడుమ చిన్న ముక్క మిగిలితే అది తెగిన ముక్క. అది తర్వాతి కణంలో పెద్ద కేంద్రకం పక్కన చిన్న చుక్కయి స్థిరపడుతుంది. పెంకుటింటి పక్కన వేసిన వంటపాకలా ఉంటుంది, రంగు ఒకటే, గోడ మాత్రం కలవదు. అదే సూక్ష్మకేంద్రకం. వెడల్పు పెద్దదాంట్లో మూడో వంతు దాటకూడదు.

విరిచే రసాయనాలు వేరు, దారి తప్పించేవి వేరు. మన కొండల్లో పూసే అగ్నిశిఖ దుంపలోని కొల్చిసిన్, గౌట్ నొప్పికి మాత్రగా ఇచ్చేది, రెండో రకం. క్రోమోజోముని అది ముక్క చేయదు. లాగే దారాల్నే కట్టనివ్వదు. దాంతో క్రోమోజోములు నడిమిలో చెల్లాచెదురుగా పడి ఉంటాయి. వంతెనలేమీ లేకుండా ఇలాంటి చెదురు గుంపులే కనిపిస్తే నోటుపుస్తకంలో వేరే గడిలో వేయండి.

ఇప్పుడు లెక్క. వట్టి నీళ్ల వేరులో 1000 కణాలు చూస్తే 80 విభజనలో ఉన్నాయనుకోండి, విభజన సూచిక 8 శాతం. గుడాఖు వేరులో 50 అయితే 5 శాతం. ఆ 80లో తేడా ఉన్నవి 2, ఈ 50లో 5. విడిపోతున్న వాటితో భాగిస్తే 2.5 శాతం, 10 శాతం. నాలుగింతలు! అదే మొత్తం 1000తో భాగిస్తే 0.2, 0.5, రెండున్నర రెట్లే. వంతెనలకీ ముక్కలకీ విడిపోతున్న కణాలతోనే భాగించాలి. సూక్ష్మకేంద్రకాలకి మొత్తం కణాలతో. ఏ లెక్క వేశారో పక్కన రాయకపోతే ఆ అంకెకి విలువ లేదు. ఇంకోటి, 2కీ 5కీ తేడా ఒక్క స్లైడులో కాకతాళీయంగా కూడా రావచ్చు. ఐదు ఉల్లిపాయల్లోనూ అదే వరస కనిపించేదాకా ఎవరికీ చెప్పకండి.

నేను మాత్రం ముందే చెప్పేశాను. పోయిన చలికాలం గుడాఖు స్లైడు చూసి, వంతెనలే వంతెనలు అని ఇంట్లో అందరికీ చాటాను. మా చెల్లెలి మనవరాలు డిగ్రీ చదువుతోంది. "తాతా, అది గుడాఖుదని నీకు ముందే తెలుసు కదా" అంది. స్లైడ్లన్నీ తీసుకెళ్లి, నా చీటీలు పీకేసి, ఒడియా అక్షరాలు వేసి కలిపేసి ఇచ్చింది. తెలుగు చదవడం దానికింకా కూడబలుక్కోవడమే. ఏది ఏదో తెలియకుండా మళ్లీ లెక్కపెట్టాను. గుడాఖు స్లైడులో నా అంకె సగానికి దిగింది. వట్టి నీళ్ల స్లైడులో కాస్త పెరిగింది కూడా! మొదటిసారి అతుక్కున్నట్టు కనిపించిన ప్రతి మసకనీ గుడాఖు ఖాతాలో వేశాను, నీళ్ల స్లైడులో అలాంటివే చూసి రంగు మరక అని వదిలేశాను. తేడా అప్పటికీ మిగిలింది, కాకపోతే నేను చాటినంత కాదు.

ఈ పరీక్షతో "క్యాన్సర్ వస్తుంది" అని చెప్పలేం, "రాదు" అనీ చెప్పలేం. ఉల్లికి కాలేయం లేదు. కొన్ని రసాయనాలు లోపలికి వెళ్లేటప్పుడు సాధువులే, కాలేయం వాటిని మార్చాకే డీఎన్‌ఏ మీద పడతాయి. గ్యాస్‌కి ఇంటింటా మింగిన రానిటిడిన్ గుర్తుందా? 2019లో ఆ మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ అనుమానమున్న పదార్థం బయటపడింది, 2020 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ వాటిని మార్కెట్ నుంచి తీసేయమంది. రోజుకి 96 నానోగ్రాముల లోపే ఉండాలని హద్దు పెట్టిన పదార్థం అది. దాన్ని దోషిగా మార్చేది కాలేయమే. అందుకే ఏమ్స్ పరీక్షలో ప్లేటుకి ఎలుక కాలేయపు సారం కలుపుతారు. ఎన్‌డీఎంఏ లాంటివాటికి హ్యామ్‌స్టర్ అనే చిన్న జంతువు కాలేయపు సారం ఇంకా బాగా పనిచేస్తుంది. కొత్త మందు ఏదైనా ఒకే పరీక్షతో గట్టెక్కదు. బ్యాక్టీరియా, ల్యాబ్‌లో పెంచిన కణాలు, ఆ పైన జంతువు, ఇలా దాటాలి. ఉల్లి మనకి ఇచ్చేది మొదటి అనుమానం.

వచ్చే పాఠం బుగ్గ లోపలి కణాల మీద, ఉల్లి కాకుండా మనిషివే. అప్పటికి ఈ మూడు ద్రావణాల స్లైడ్లూ చేసి, అంచుల్లో గోళ్లరంగు పూసి, ఆరకుండా పెట్టుకోండి. చీటీలు ఇంట్లో ఇంకొకరి చేత మార్పించండి. ఏ అక్షరం ఏ సీసాదో వాళ్లు ఒక కాగితం మీద రాసి బియ్యం డబ్బాలో దాచాలి. మీ లెక్క పెన్నుతో రాసి, సంతకం పెట్టాకే డబ్బా మూత తీయండి.