ఫీడరుకు ఒకే పెద్ద కేబులా, సమాంతరంగా రెండు కేబుళ్లా: నిర్ణయించే పద్ధతి

వాణిజ్య భవనంలో ఫీడరు, అంటే ప్రధాన బోర్డు నుంచి మరో ప్యానెల్‌కు కరెంటు చేర్చే లైను, 200 ఆంపియర్ల లోపు ఉన్నంతవరకు ఈ ప్రశ్న పెద్దగా తలెత్తదు, ఫేజుకు ఒక్కో కేబుల్ వేస్తే సరిపోతుంది. 400 ఆంపియర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకే లావుపాటి కేబుల్ వేయాలా, ఫేజుకు రెండేసి చొప్పున డబుల్ రన్ వేయాలా అన్నది ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ప్యానెల్, లగ్గులు (కేబుల్ చివరను టెర్మినల్‌కు బిగించే లోహపు ముక్కలు), కండ్యూట్ (తీగలు వెళ్లే గొట్టం) అన్నీ ఆ నిర్ణయాన్ని బట్టే ఆర్డర్ చేయవలసి ఉంటుంది.

కేబుల్ మధ్యచ్ఛేద వైశాల్యం రెట్టింపైనంత మాత్రాన అది మోయగల కరెంటు రెట్టింపు కాదు. వేడిని బయటికి వదిలే పైతలం అదే నిష్పత్తిలో పెరగకపోవడం ఇందుకు ప్రధాన కారణం కాగా, ఏసీ కరెంటు లావుపాటి తీగలో అంచులవైపు ఎక్కువగా ప్రవహించడం మరో కారణం. అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి పట్టికలో 75 డిగ్రీల సెల్సియస్ వేడి వరకు పనికొచ్చే రాగి తీగల వరుస చూస్తే, సుమారు 85 చదరపు మిల్లీమీటర్ల తీగకు 200 ఆంపియర్లు ఉండగా, 400 దాటాలంటే సుమారు 304 చదరపు మిల్లీమీటర్ల తీగకు వెళ్లాలి. అంటే రెండు చిన్నవి కలిపి 170 మాత్రమే, రాగి దాదాపు 44 శాతం తగ్గుతుంది. పైగా 304 తీగను ప్యానెల్ మూలలో వంచి లగ్గు దగ్గరికి చేర్చడం ఎంత శ్రమో ఆ పని చేసిన వారికే తెలుసు.

అయితే ఈ లెక్క రెండు షరతులకు లోబడి ఉంటుంది. రెండు సెట్లనూ ఒకే కండ్యూట్‌లో దూర్చితే కరెంటు మోసే తీగలు ఆరవుతాయి, అప్పుడు వాటి సామర్థ్యాన్ని 80 శాతానికి తగ్గించి చూడాలి కాబట్టి పై సైజు చాలదు. ఇక దూరం ఎక్కువైతే, 170 చదరపు మిల్లీమీటర్ల రాగిలో వోల్టేజ్ పతనం (దారిలో తగ్గిపోయే వోల్టేజ్) 304 కంటే ఎక్కువగా ఉంటుంది గనుక సైజు పెంచక తప్పదు, ఆదా కూడా ఆ మేరకు కరిగిపోతుంది.

నా దృష్టిలో అసలు పరీక్ష రాగి ఖర్చు కాదు, రెండు కేబుళ్లూ కరెంటును సమానంగా పంచుకుంటాయా లేదా అన్నదే. ఒకటి 30 మీటర్లు, రెండోది 33 మీటర్లు ఉన్నాయనుకుంటే, 400 ఆంపియర్లలో పొట్టిదాని మీద దాదాపు 210, పొడవుదాని మీద 190 పడతాయి. బ్రేకరు చూసేది మొత్తాన్నే కాబట్టి, పొట్టి కేబుల్ పరిమితి దాటిన సంగతి దానికి తెలియదు. ఒక లగ్గు వదులై ఆ కేబుల్ పూర్తిగా విడిపోతే మరీ ప్రమాదం, 400 ఆంపియర్లూ ఒక్క 85 తీగ మీద పడినా బ్రేకరు ట్రిప్ కాదు. అందుకే ఒకే ఫేజులో కలిపే కేబుళ్ల లోహం, సైజు, పొడవు, ఇన్సులేషన్ ఒకటే కావాలి, రెండు చివర్లలోనూ ఒకే రకం లగ్గులు బిగించాలి. పాత కేబుల్ మిగిలి ఉంది కదా అని కొత్త దానికి జత చేయకూడదు. పైన చెప్పిన నియమావళి, కొన్ని మినహాయింపులు తప్ప, సుమారు 53 చదరపు మిల్లీమీటర్ల కంటే చిన్న తీగలను సమాంతరంగా కలపడాన్ని అనుమతించదు.

ఉక్కు కండ్యూట్లు రెండు వాడితే, ప్రతి దానిలోనూ మూడు ఫేజులు, న్యూట్రల్, ఎర్త్ కలిసి వెళ్లాలి. మూడు ఫేజుల్లో ఒకటైన ఆర్ ఫేజు కేబుళ్లు రెండింటినీ ఒక పైపులో, మిగతావి మరో పైపులో పంపితే అయస్కాంత క్షేత్రాలు ఒకదానినొకటి రద్దు చేసుకోవు, ఉక్కు పైపే ప్రమాదకరంగా వేడెక్కుతుంది. బ్రేకరు టెర్మినల్ ఎన్ని తీగలకు తయారైందో కూడా కొనే ముందే చూడాలి, ఒక తీగకు ఉద్దేశించిన లగ్గులో రెండు దూర్చడం ఏ పరిస్థితిలోనూ తగదు.

మార్గం కురచగా, ప్యానెల్లో చోటు ఉండి, లోడు 300 ఆంపియర్లకు అటూ ఇటూగా ఉంటే నేను ఒకే కేబుల్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే బిగించవలసిన చోట్లు సగమే. అంతకు మించితే డబుల్ రన్ వేసి, లగ్గులను తయారీదారు చెప్పిన మేరకు టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే రెంచి) బిగించి, పూర్తి లోడు మీద క్లాంప్ మీటరుతో (కేబుల్ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు) ఒక్కో కేబుల్‌ను విడివిడిగా కొలవాలి. ఒకే ఫేజు కేబుళ్ల మధ్య పది శాతం మించి తేడా కనబడితే, సరఫరా ఆపి ముందు లగ్గులు, తరువాత పొడవులు చూడాలి.