మొదటి విడత 20 చాలు

కొత్త వస్తువు ఆలోచన ఉండి వ్యాపార అనుభవం లేకపోతే, అచ్చులు చేయించడం, లోగో గీయించడంతో మొదలుపెట్టకండి. ముందు 20 మాత్రం చేత్తోనే తయారుచేసి, పూర్తి ధరకు, పరిచయం లేనివాళ్లకు అమ్మి చూడండి. బంధువులు, స్నేహితులు మొహమాటానికి కొంటారు. "బాగుంది" అన్న మాట లెక్కలోకి రాదు, డబ్బు చేతికొస్తేనే అమ్మకం. తినేవి, ఒంటికి రాసుకునేవి, పిల్లల వస్తువులు, కరెంటుతో నడిచేవి అయితే ఆ 20 అమ్మే ముందే ఏ అనుమతులు, పరీక్షలు కావాలో కనుక్కోండి.

ఎక్కువమంది దెబ్బతినేది ధర దగ్గరే. ముడిసరుకు ఒక్కటే చూసుకుని పైన కాస్త కలిపేస్తారు. ఒక వస్తువుకు ముడిసరుకు 40 రూపాయలు, మీ కూలి 25, ప్యాకింగ్ 10, రవాణా 15, పాడైపోయే సరుకు కింద 5 అనుకుందాం. అసలు ఖర్చు 95. 120కి అమ్మితే 25 మిగులుతుంది, బాగానే ఉంది. రేపు ఒక దుకాణం అమ్మకం ధరలో 30 శాతం వాటా అడిగితే 36 అక్కడే పోతుంది, ఒక్కోదాని మీద 11 నష్టం. ఎంత ఎక్కువ అమ్మితే అంత మునుగుతారు. అందుకే దుకాణం వాటా మొదటి రోజే ధరలో వేసుకోండి. తర్వాత తగ్గించడం తేలిక, పెంచడం చాలా కష్టం.

తయారీ బయటికి ఇస్తే, ఒక్కోదాని ధర తగ్గుతుందని ఒకేసారి 500 వస్తువులు చేయించడానికి ఒప్పుకోకండి. డిజైన్‌లో లోపం ఉంటే 500లోనూ ఉంటుంది. ముందు నమూనా రెండు చేయించి, ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర పెట్టుకోండి. కొలతలో ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో, ఉదాహరణకు 1 మిల్లీమీటర్, కాగితం మీద రాయించుకోండి.