ప్రమాద విచారణ, 4వ పాఠం: నేల మీది గార్డు

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం గుర్తుందిగా? రైసు మిల్లు, రాత్రి షిఫ్టు. వడ్లను పైకెత్తే ఎలివేటర్ మోటారు బెల్టులో హెల్పరు వేళ్లు నలిగాయి. బెల్టు గార్డు, అంటే చెయ్యి పడకుండా బెల్టుకు బిగించే కవరు, పక్కనే నేల మీద ఉంది. కారణం రాయమంటే చాలామంది "గార్డు తీసేసిన హెల్పరు నిర్లక్ష్యం" అన్నారు. నివారణ: అవగాహన సదస్సు!

ఈసారి సాక్షులతో ఎలా మాట్లాడాలో చెబుదామనుకున్నాను. అది వచ్చేవారం. ముందు ఈ సంగతి తేలాలి.

గార్డు హెల్పరే తీశాడని మీకెవరు చెప్పారు? నేల మీద ఉందని మాత్రమే నేను రాశాను. అది నేను చూసిన మిల్లే. గార్డు తీసింది పగటి షిఫ్టువాళ్లు. పుల్లీ గాళ్లు అరిగిపోయి బెల్టు రోజూ జారేది, రోజూ బిగించాలి. గార్డుకు నాలుగు బోల్టులు. స్పానరు స్టోరులో ఉంటుంది, స్టోరుకు సాయంత్రం 6కే తాళం. ఆ రోజు పని తేలేసరికి 6 కావస్తోంది, స్పానరు అప్పగించేసి వెళ్లారు. రాత్రి బెల్టు మళ్లీ జారింది. మోటారు ఆపితే ఎలివేటరు అడుగున వడ్లు పేరుకుంటాయి, అన్నీ చేత్తో తోడాలి. అందుకే హెల్పరు బెల్టు నడుస్తుండగానే, జారకుండా పట్టునిచ్చే పేస్టు రాయబోయాడు.

ఇప్పుడు సదస్సు పెడితే పుల్లీ బాగవుతుందా?

నేను వాడే చిట్కా ఒకటుంది. హెల్పరు స్థానంలో మీకు తెలిసినవాళ్లలో అతి జాగ్రత్తపరుణ్ని నిలబెట్టండి. అదే బెల్టు, అదే తాళం. అతనూ చెయ్యి పెట్టేవాడే అనిపిస్తే "నిర్లక్ష్యం" కొట్టేయండి. ఒక్కో ముల్లు మీద ఒక్కో రకం కారణం రాసే చేపముల్లు బొమ్మ గీయమని కొందరంటారు. నేను గీయను. ఖాళీ ముల్లు కనబడితే ఏదో ఒకటి రాసేయాలనిపిస్తుంది.

2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) ఆవిరి వచ్చి 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన కమిటీ ఏం తేల్చింది? ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగునే ఉంది, పైన పెరిగిన వేడి అందులో కనబడదు. చల్లబరిచే యంత్రాలను సాయంత్రం ఆపేసేవారు. స్టైరీన్ తనలో తానే చర్య జరిపి వేడెక్కకుండా ఆపే రసాయనం చాలినంత లేదు. ఆపరేటరు రాత్రంతా కన్నార్పకుండా ఆ అంకెనే చూస్తూ కూర్చున్నా పైన వేడి ఎలా తెలుస్తుంది?

నిచ్చెన జారినా ఇంతే. కింద నేల చూడండి.

అన్నట్టు, అభ్యాసం. ఈ వారం మీ దగ్గర దెబ్బ తగలకుండా తృటిలో తప్పిన ఘటన ఒకటి పట్టుకోండి. పది వాక్యాలు రాయండి. నిర్లక్ష్యం, అజాగ్రత్త, శిక్షణ అనే మాటలు రాకూడదు. ప్రతి వాక్యం పక్కన చూసిందా, విన్నదా, అనుకున్నదా రాయండి. "అనుకున్నది" మూడు దాటితే మళ్లీ అక్కడికే వెళ్లండి, ఈసారి రాత్రి షిఫ్టులో.