ఏఐకి రెజ్యూమే ఇచ్చే ముందు: హెచ్‌ఎస్‌సీ అంటే పదో తరగతని చెప్పారా?

ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గర పడిందంటే ఒడిశాలో తెలుగువాళ్లున్న గుణుపూర్, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు మన పిల్లలు ముందు చేసే పని ఒకటే. సీనియర్ రెజ్యూమే అడిగి తీసుకుని, పేరు మార్చి, చాట్‌జీపీటీలోనో జెమినీలోనో పడేసి "దీన్ని బాగు చెయ్యి" అంటారు. అర నిమిషంలో తళతళలాడే కాగితం వస్తుంది. అందులో సగం మీరు చేయని పనులు ఉంటాయి.

ఏఐని వాడండి, తప్పేం లేదు. ఇంగ్లీషు దిద్దిపెట్టే మనిషి మన ఊళ్లలో అడగ్గానే దొరకడు. కాకపోతే అడిగే తీరు మార్చాలి. "బాగు చెయ్యి" అనకుండా, ఉద్యోగ ప్రకటనను కూడా అతికించి, "దీనికి నా రెజ్యూమేలో ఏం తక్కువైంది, ఏది అర్థం కావడం లేదు, నన్ను ప్రశ్నలు అడుగు, నేను చెప్పనిది ఒక్కటీ చేర్చకు" అనండి. జవాబులు మీవి కాబట్టి వాక్యాలు కూడా మీవే అవుతాయి.

మన వైపు వాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఒడిశాలో హెచ్‌ఎస్‌సీ అంటే పదో తరగతి. మహారాష్ట్రలో, ఇంకా చాలాచోట్ల అదే మాటకు పన్నెండు అని అర్థం. మీరు హెచ్‌ఎస్‌సీ అని ఒక వరస, సీహెచ్‌ఎస్‌ఈ (ఒడిశాలో పన్నెండో తరగతి బోర్డు) అని ఇంకో వరస రాస్తే, రెండూ పన్నెండేనని అనుకుని ఏఐ ఒకదాన్ని తీసేయవచ్చు, లేదా పదికి వేరే బోర్డు పేరు తగిలించవచ్చు. ప్లస్ త్రీ అంటే మూడేళ్ల డిగ్రీ అని హైదరాబాదు హెచ్‌ఆర్‌కే చాలాసార్లు తెలియదు. అందుకే ముందే "పదో తరగతి, ఒడిశా బోర్డు", "పన్నెండు, సీహెచ్‌ఎస్‌ఈ", "బీఎస్సీ, మూడేళ్లు" అని విడమరిచి రాయండి. ఊరి పేరుదీ ఇదే గొడవ. బరంపురాన్ని ఇంగ్లీషులో రెండు రకాలుగా రాస్తారు, పైగా పశ్చిమ బెంగాల్‌లో దాదాపు అదే పేరుతో ఇంకో ఊరుంది. పక్కన ఒడిశా అని ఉండాల్సిందే. పేరు, ఇంటిపేరు మాత్రం సర్టిఫికెట్లో ఏ వరసలో ఉంటే అదే వరసలో ఉంచమనండి. ఏఐ వాటిని అటూ ఇటూ మార్చితే ఉద్యోగం వచ్చాక సర్టిఫికెట్లు సరిచూసే రోజు మీకే టెన్షన్.

ఇక గొప్పలు. జేకేపూర్ పేపర్ మిల్లులోనో తెరుబలి ఫెర్రో ఎల్లాయ్స్ ఫ్యాక్టరీలోనో వొకేషనల్ ట్రైనింగ్‌కి వెళ్లి మెషీన్లు చూసి, రిపోర్టు రాసి వచ్చారనుకుందాం. దాన్నే ఏఐ "బృందానికి నాయకత్వం వహించి ఉత్పత్తి 30 శాతం పెంచాను" అని రాసిపెడుతుంది. ఇంటర్వ్యూలో "ఆ 30 ఎలా లెక్కగట్టావు?" అని అడిగితే నోరు పెగలదు. "చూశాను", "నేర్చుకున్నాను", "కొలతలు రాసుకున్నాను" అనేవి ఫ్రెషర్‌కి చిన్న మాటలేం కావు. ఏ మెషీనో, ఏ కొలతో పేరు పెట్టి రాయండి. అడిగేవాడు అక్కడే ఆగుతాడు.

భాషల వరస దగ్గర కూడా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన మనలో చాలామందికి తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. ఏఐ మాత్రం అన్ని భాషలూ అనర్గళం అని రాసేస్తుంది. విశాఖలో కస్టమర్లతో పని ఉన్న ఉద్యోగమైతే తెలుగులో నాలుగు ముక్కలు రాసి చూపించమంటారు. ఏది మాట్లాడగలరో, ఏది చదివి రాయగలరో వేరువేరుగా పెట్టండి. నిజానికి మూడు భాషలు మాట్లాడటం సరిహద్దు పిల్లలకున్న పెద్ద బలం. దాన్ని మనవాళ్లే చివర్లో ఎక్కడో పడేస్తారు.

ఆధార్, పాన్ నంబర్లు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఇంటి అడ్రసు తీసేశాకే ఏఐకి ఇవ్వండి. ఫోన్ నంబరు చివర్లో మీరే చేర్చుకోవచ్చు. చాట్‌జీపీటీ సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్ కింద, మీ మాటలను మోడల్ శిక్షణకు వాడుకునే స్విచ్ ఉంటుంది, ఆఫ్ చేయండి. నెట్ సెంటర్ కంప్యూటర్లో చేస్తే లాగౌట్ అయి, డౌన్‌లోడ్ ఫోల్డర్లో మీ ఫైలు కూడా చెరిపేసి లేవండి.

రెజ్యూమేకి ఏఐ ఇచ్చే స్కోరు చూసి నిద్ర పాడుచేసుకోకండి. అదే కాగితానికి ఒక టూల్ 62 ఇస్తే ఇంకోటి 85 ఇస్తుంది. రెజ్యూమేలు వడపోయడానికి కంపెనీ వాడే సాఫ్ట్‌వేర్‌తో ఆ అంకెకు సంబంధం ఉండదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను బోల్తా కొట్టించడానికి, కంటికి కనిపించకుండా తెల్ల అక్షరాల్లో కీవర్డ్‌లు దాచే చిట్కాల జోలికి అసలు పోవద్దు, దొరికితే పరువు పోతుంది. రెండు కాలమ్‌లు, టేబుళ్లు, బొమ్మలు మానేయండి. పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. అక్కడ వరస చెదిరితే కంపెనీ సాఫ్ట్‌వేర్‌కీ అలాగే కనిపించవచ్చు.

తండ్రి పేరు, పుట్టిన తేదీ, డిక్లరేషన్ పాత పద్ధతి, తీసేయమని ఏఐ అంటుంది. ప్రైవేటు కంపెనీకి ఆ సలహా సరైనదే. సునాబెడ హెచ్‌ఏఎల్, దామన్‌జోడి నాల్కో లాంటి ప్రభుత్వ రంగ సంస్థలకు పెట్టేటప్పుడు మాత్రం నోటిఫికేషన్‌లో ఇచ్చిన నమూనా ప్రకారమే నింపండి.