చెన్నైలో ఇల్లు తీసుకున్నారా? ఐప్పసి (అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య వరకు ఉండే తమిళ నెల) వానలకు ముందే తూములు, గొట్టాలు చూసుకోండి

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఉద్యోగరీత్యా చెన్నై వచ్చి, షోళింగనల్లూరులోనో వడపళనిలోనో తాంబరంలోనో ఇల్లు అద్దెకు తీసుకునే తెలుగు కుటుంబాలు మంచినీళ్ల సంగతి, కరెంటు మీటరు సంగతి, అడ్వాన్సు సంగతి తప్పకుండా అడుగుతాయి. మేడమీద పడిన వాన ఏ దారిన కిందికి దిగుతుందో అడిగేవారు మాత్రం తక్కువ. జూన్‌లో దిగినవారికి ఆ ప్రశ్న తోచకపోవడం సహజమే. మన వైపు నైరుతి వానలు ముమ్మరంగా కురిసే జూలై, ఆగస్టు నెలల్లో ఇక్కడ ఏదో ఒక సాయంకాలం ఉరుములతో ఒక జల్లు పడి తెరిపి ఇస్తుంది కాబట్టి, వానాకాలం గడిచిపోయిందని, ఇంటికి ఏ ఇబ్బందీ లేదని అనుకుంటారు.

అసలు వానాకాలం ఆ తరువాతనే మొదలవుతుంది. చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో దాదాపు 60 శాతం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల వల్ల వస్తుంది. ఐప్పసిలో ముసురు, ఆ తరువాతి నెల కార్తిగైలో కుండపోత అని ఇక్కడివారు చెప్పుకునే మాట ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. ఇంటికి సంబంధించినంతవరకు మొత్తం వాన కన్నా అది ఒక్క రోజులో ఎంత పడుతుందన్నదే ముఖ్యం. 2015 డిసెంబరు 1, 2 తేదీల మధ్య తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్ల వాన పడింది. వెయ్యి చదరపు అడుగుల మేడమీద అంత వాన పడితే అది 45,000 లీటర్ల నీరు. అటువంటి రోజు అరుదే. కానీ 10 సెంటీమీటర్లు పడే రోజులు ఇక్కడ అంత అరుదు కావు, అప్పుడు కూడా అదే మేడమీద నుంచి 9,000 లీటర్లకు పైగా నీరు రెండు మూడు గొట్టాల గుండా దిగాలి. వాటిలో ఒకటి పూడిపోయి ఉంటే, నీరు గోడలోకి గాని, కప్పులోకి గాని, మీ పడకగదిలోకి గాని తన దారి తాను వెతుక్కుంటుంది. అందువల్ల తమిళుల పురట్టాసి నెల, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు ఉన్న కాలం, ఈ తనిఖీకి తగిన సమయం.

ముందుగా మీ ఇంటి కప్పు ఏ రకమో గమనించాలి. చెన్నైలో ఎక్కువ ఇళ్లు డాబాలే. శ్లాబు మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన పొర వేసి, దాని మీద మట్టి పెంకులు పరిచి, పిట్టగోడ అడుగున ఉన్న తూముల వైపు వాటం ఇస్తారు. ఇటువంటి కప్పు కారుతున్నదంటే మేస్త్రీలు వెంటనే మేడంతా తవ్వి మళ్లీ వేయాలంటారు. నా అభిప్రాయంలో ఆ మాటకు తొందరపడి ఒప్పుకోకూడదు, ఎందుకంటే చాలాసార్లు లోపం తూము నోటికి, శ్లాబుకు మధ్య ఉన్న అతుకులోనే ఉంటుంది. రెండో రకం, ఎండ తగలకుండా మేడమీద వేసిన రేకుల షెడ్డు. దాని అంచున గట్టర్ అనే రేకు దోనె ఉంటుంది. మైలాపూరు, ట్రిప్లికేన్ వంటి పాత పేటల్లో ఇప్పటికీ బెంగుళూరు పెంకుల ఇళ్లు మిగిలి ఉన్నాయి. వాటిలో రెండు వాలులు కలిసే చోట ఉండే దోనె పాడైతే నీరు నేరుగా వాసాల మీదికి దిగుతుంది. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ వంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలి వల్ల ఇనుప దోనెలు, వాటిని పట్టి ఉంచే బిగింపులు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి, కొత్తవి వేసేటప్పుడు పీవీసీ గాని అల్యూమినియం గాని ఎంచుకోవడం మేలు.

దెబ్బతిన్న గుర్తులు వాన లేనప్పుడే కనిపిస్తాయి. బయటి గోడ మీద గొట్టం వెంబడి పైనుంచి కిందికి ఆకుపచ్చగానో నల్లగానో నాచు చార ఉంటే, ఆ చార ఎక్కడ మొదలైందో ఆ ఎత్తున అతుకు వదిలిందని అర్థం. లోపలి గోడ మీద తెల్లని ఉప్పు పొంగినా, రంగు బుడగలు కట్టినా, పెచ్చులు ఊడినా, ఆ గోడకు అవతలివైపు గొట్టం ఉందేమో చూడండి. కప్పు మూలలో గోధుమరంగు వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి ఉంటే, ఆ చెమ్మ ఒకే ఏడాదిది కాదు, ఏటేటా వచ్చి ఆరిపోతున్నది. ఇల్లు చేరే ముందు కొత్తగా రంగు వేసి ఉంటే ఈ గుర్తులు కనిపించవు, అటువంటప్పుడు అల్మారాల లోపలి గోడలు చూడాలి. అక్కడ సాధారణంగా రంగు వేయరు. గొట్టం అడుగున నేల గుంటపడి ఉండటం, పునాది దగ్గర గోడ మీద బురద చిమ్మిన గీత ఉండటం, దోనె నడుమ కిందికి వంగి ఉండటం, పీవీసీ గొట్టం ఎండకు తెల్లబారి పెళుసుగా మారడం కూడా పట్టించుకోవలసినవే. పిట్టగోడలోనో తూము పక్కనో రావి మొక్క మొలిచి ఉంటే పైపైన తుంచితే చాలదు. వేరు మిగిలితే అది మళ్లీ చిగురించి, పగులును ఇంకా పెద్దది చేస్తుంది.

తూము పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరీక్షలు అక్కరలేదు. ఇద్దరు ఉంటే చాలు. ఒకరు మేడమీద తూము దగ్గర నాలుగైదు బకెట్ల నీళ్లు ఒకదాని వెంట ఒకటి పోస్తే, ఇంకొకరు కింద నిలబడి నీరు ఎంతసేపటికి వచ్చింది, ఎంత వచ్చింది, మధ్యలో ఎక్కడైనా కారుతున్నదా అని చూడాలి. నీరు సుడి తిరగకుండా నిలిచిపోయినా, కింద సన్నని ధారగా వచ్చినా గొట్టం పూడినట్టే. మేడమీద తూములు మూసి ఒక రోజంతా నీరు నిలిపి చూసే పద్ధతి కూడా ఉంది గాని, అద్దెకున్నవారు దాన్ని స్వయంగా చేయవద్దు. వెయ్యి చదరపు అడుగుల మీద ఒక అంగుళం నీరు నిలిపితే రెండు టన్నులకు పైగా బరువు అవుతుంది, కలప దూలాల మీద నిలిచిన పాత కప్పుల మీద ఆ ప్రయోగం ప్రమాదకరం.

పూడిక చాలా భాగం ఆకులదే. వేప, బాదం చెట్లు పక్కన ఉన్న ఇళ్లలో నెలకొకసారి, వాయుగుండం హెచ్చరిక వచ్చినప్పుడల్లా మరోసారి తూము నోరు శుభ్రం చేయాలి. కాకులు గూటికి తెచ్చే తీగముక్కలు, పావురాల రెట్ట, పండుగకు మేడమీద కాల్చిన టపాకాయల కాగితాలు కూడా తక్కువేమీ కాదు. దీపావళి ఇక్కడ సరిగ్గా వానల మధ్యలో వస్తుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. తూము మీద చదునైన సన్న జాలీ పెడితే నాలుగు ఆకులకే అది మూసుకుపోతుంది, పైకి ఉబ్బిన గుమ్మటం వంటి జాలీ మంచిది. దోనెల్లో నీరు వారం రోజులు నిలిచినా డెంగీని వ్యాపింపజేసే దోమలు అందులో పెరుగుతాయి. పెంకుల మీదికి, రేకుల మీదికి తడిగా ఉన్నప్పుడు ఎక్కవద్దు; ఇనుప నిచ్చెనను కరెంటు తీగల దగ్గర నిలబెట్టవద్దు. ప్లంబరును పిలిచేటప్పుడు "మళై తణ్ణి పైప్ అడైచ్చిరుక్కు" (వాన నీటి గొట్టం పూడిపోయింది) అని చెబితే, తగిన పొడవైన తీగతో వస్తాడు.

గొట్టం చివర ఏముందో కూడా చూడాలి. తమిళనాడులో 2003 నుంచి ఇళ్లన్నిటికీ వాన నీటి సేకరణ తప్పనిసరి చేశారు కాబట్టి, ఆ గొట్టం సాధారణంగా గులకరాళ్లు, ఇసుక నింపిన గుంటలోకో, పాత బావిలోకో వెళుతుంది. ఆ గుంట బురదతో నిండితే నీరు వెనక్కి ఎక్కి, పైన అతుకుల దగ్గర కారుతుంది. మేడమీద ఎంత వెతికినా కారణం దొరకనప్పుడు కింద వెతకడం మంచిది. వాషింగ్ మెషీన్ నీరు వాన గొట్టంలో కలిపి ఉంటే వేరు చేయించండి, లేకపోతే సబ్బునీరు బావిలోకి పోతుంది. వాన గొట్టాన్ని మురుగు చాంబరులో కలపడం మరీ తప్పు; పెద్ద వానలో ఆ మురుగే స్నానాలగది తూములోంచి పైకి వస్తుంది. వీధిలో కార్పొరేషన్ వాన కాలువ నిండి నీరు గుమ్మంలోకి వస్తుంటే 1913కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

ఖర్చు ఎవరిదన్న మాట ముందే తేల్చుకోవాలి. తమిళనాడు అద్దె చట్టం, 2017 ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోనంతవరకు, కట్టడపు మరమ్మతులు, గొట్టాలు మార్చడం ఇంటి యజమాని బాధ్యత. కాలువలు శుభ్రం చేయించుకోవడం అద్దెకున్నవారి బాధ్యత. ఇల్లు చేరిన రోజునే గోడలు, కప్పు మూలలు, తూములు ఫోటోలు తీసి ఓనరు గారికి వాట్సాప్‌లో పంపి ఉంచితే, ఖాళీ చేసే రోజున పాత మరకకు మీ అడ్వాన్సులో కోత పడదు. అపార్టుమెంట్లలో మేడ అందరిదీ కాబట్టి పై అంతస్తువారు ఒంటరిగా వాదించకుండా, సెప్టెంబరులోనే అసోసియేషన్ సమావేశంలో ఈ పని పెట్టించాలి.

వానల నడుమ కారడం మొదలైతే ఆకులు తీయించి, వదిలిన అతుకును తాత్కాలికంగా మూయించి, మంచం, బీరువా ఆ గోడ నుంచి జరపండి. ఆ దగ్గరలో స్విచ్ బోర్డు ఉంటే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌కు చూపించే వరకు దాన్ని ముట్టుకోవద్దు. డిసెంబరులో తడి గోడకు రంగు వేయించడం మాత్రం డబ్బు వృథా. గోడ లోపలి చెమ్మ ఆరడానికి ఎండ కావాలి కాబట్టి, పూత, రంగు, తూము అతుకు తిరిగి కట్టించడం వంటివి ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెట్టుకోవాలి. అప్పుడు మేస్త్రీలు కూడా తీరికగా దొరుకుతారు.