యానాంలో పాత బండి కొని వంతెన దాటించాలంటే

యానాం నుంచి బాలయోగి వారధి మీదుగా ఎదుర్లంక చేరడానికి పట్టేది నిమిషాలే. పీవై 04, అంటే యానాం నంబరున్న మోటారు సైకిలు ఏపీ నంబరులోకి మారడానికి మాత్రం వారాలు పడుతుంది. చుట్టూ గోదావరి జిల్లాలే ఉన్నా, 1954 దాకా ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. అందుకే రవాణా శాఖ లెక్కలో ఆ బండి పక్క ఊరిది కాదు, పక్క రాష్ట్రానిది.

బేరానికి కూర్చునే ముందే ఒక లెక్క వేసుకోండి. యానాంలో కట్టిన లైఫ్ ట్యాక్సు ఆంధ్రాలో చెల్లదు, ఇక్కడ మళ్లీ కట్టాలి. ఆ ట్యాక్సు మీరు బేరమాడిన ధర మీద కాదు, బండి కొత్తగా అమ్మినప్పటి ధర మీద, దాని వయసును బట్టి వేస్తారు. అంటే మీరు 30,000కు కొన్నా 45,000కు కొన్నా ట్యాక్సు అంతే. బండి నంబరు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, మోడల్ రాసుకుని వెళ్లి ట్యాక్సు ఎంతవుతుందో ఆర్టీఓ ఆఫీసులో అడగండి. దానికి ఇన్సూరెన్సు మార్పు, కొత్త నంబరు ప్లేటు, ఫీజులు కలపండి. మొత్తాన్ని రామచంద్రపురంలోనో అమలాపురంలోనో అదే మోడల్, అదే సంవత్సరం ఏపీ బండి ధరతో పోల్చండి. తేడా రెండు మూడు వేలే అయితే ఇక్కడి బండే కొనుక్కోండి, ఈ తిరుగుడంతా ఉండదు.

‘యానాంలో తెలిసినవాళ్ల అడ్రసు పెట్టి పీవై నంబరుతోనే తిప్పేద్దాం’ అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. తప్పుడు అడ్రసుతో పేరు మార్చుకోవడం నేరం. పైగా ప్రమాదం జరిగి క్లెయిమ్ పెట్టిన రోజున ఇన్సూరెన్సు కంపెనీ మొదట చూసేది ఆ అడ్రసే.

బండిని పగటిపూట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలి. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేలోపు స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. పొద్దున్న స్టార్టింగ్ ట్రబుల్ ఇచ్చే బండి వేడి మీద బాగానే పలుకుతుంది కాబట్టి, మరో రోజు చెప్పకుండా వెళ్లి చూడండి.

మన దగ్గర బండిని తినేసేవి రెండు: ఉప్పుగాలి, వరద. ఉప్పుగాలి పని బండి కింద కనిపిస్తుంది. సైలెన్సర్ అడుగు, బెండు పైపు అతుకు, బ్యాటరీ కూర్చునే చోట చాసిస్, స్వింగ్ ఆర్మ్, వెనక షాకబ్జార్బర్ల కింది బోల్టులు, సెంటర్ స్టాండు స్ప్రింగు కొక్కేలు, ఇవన్నీ టార్చి వేసి చూడండి. స్పానరుతో మెల్లగా కొడితే మంచి ఇనుము గట్టిగా మోగుతుంది, తుప్పు తిన్నది మందంగా పలుకుతుంది. చాసిస్‌కి మాత్రమే కొత్తగా నల్ల పెయింటు కొట్టి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. పెట్రోలు ట్యాంకు మూత తీసి లోపలికి కూడా టార్చి వేయాలి. అక్కడి తుప్పు రాలి కార్బురేటర్ జెట్‌లోకి, ఇంజెక్షన్ బండైతే పంపులోకి చేరుతుంది.

వరద నీళ్లలో మునిగిన బండిని పట్టుకోవడం కాస్త కష్టం. 2022 జూలై వరదకు యానాంలోనూ లంకల్లోనూ నీళ్లు నిలిచాయి, ఆ కాలం నాటి బండి అంటే ఈ పరీక్ష తప్పదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి అడుగున వేలు పెట్టి రాయండి. మెత్తటి ఒండ్రు అంటితే నీళ్లు అక్కడిదాకా వచ్చినట్టే. హెడ్‌లైట్ లోపల అడ్డంగా మట్టి గీత, స్పీడోమీటర్ అద్దం లోపల పొగలాంటి మసక, సైడు కవర్ల వెనక వైర్ల సందుల్లో ఎండిన బురద కూడా అదే చెబుతాయి. ఆయిల్ పుల్ల తీసి చూడండి. మూత లోపల కాస్త తెల్లగా ఉంటే అది చెమ్మ పట్టడం వల్ల, దగ్గర దూరాలు తిరిగే బండికి మామూలే. పుల్ల మీది ఆయిలంతా పాలు కలిపిన టీ రంగులో ఉంటే మాత్రం ఇంజనులోకి నీళ్లు వెళ్లినట్టు, వదిలేయండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) బండి అయితే తాళం తిప్పగానే ఇంజను లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు కనెక్షన్ పీకేశారేమోనని అనుమానించాల్సిందే.

మిగతావి త్వరగా అయిపోతాయి. సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. మధ్యలో పట్టినట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ మెడలోని బేరింగులు) మార్చాలి. వెనక స్ప్రాకెట్ (పళ్ల చక్రం) దగ్గర చెయిన్ వెనక్కి లాగితే పన్ను సగం బయటపడిందంటే చెయిన్ సెట్ పోయినట్టే. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఈ ఖర్చులన్నీ బేరంలో తగ్గించుకోవచ్చు, బండిని వద్దనుకోవడానికి మాత్రం అవి కారణాలు కావు.

చాసిస్ నంబరు, ఇంజను నంబరు సి బుక్కుతో అక్షరం అక్షరం సరిచూడండి. మన గాలికి చాసిస్ నంబరు మీద తుప్పు పట్టి కనపడకపోవచ్చు. కిరోసిన్ గుడ్డతో తుడవండి తప్ప ఎమరీ పేపరు పెట్టి రుద్దకండి. రుద్దిన గీతలు కనపడితే నంబరు దిద్దారేమోనని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండిని ఆపేస్తారు. అక్కడే కాగితం పెట్టి పెన్సిల్ ప్రింటు రెండు మూడు తీసుకోండి, తర్వాత కావాలి.

ఇక కాగితాలు. ఇక్కడ వరస తప్పితే తిరిగి మొదటికొస్తారు. బండి మీద ఫైనాన్సు ఉంటే ముందు అది తెగాలి. బ్యాంకు సంతకంతో ఫారం 35, అప్పు తీరినట్టు లెటరు తీసుకుని అమ్మేవాళ్లు యానాం ఆర్టీఓలో హెచ్‌పీ (సి బుక్కులో ఉన్న ఫైనాన్సు నమోదు) రద్దు చేయించాలి. బ్యాంకు లెటరు మీద గడువు ఉంటుంది, పాత లెటరు చూపిస్తే తేదీ చూడండి. చలానాలు పుదుచ్చేరివే కాదు, ఆంధ్రా పోలీసులవీ వేరేగా వెతికి కట్టించండి. ఆ తర్వాత నిరభ్యంతర పత్రం, అందరూ ఎన్‌ఓసీ అనేది, ఫారం 28 మూడు కాపీలతో అడగాలి. దాంతో సి బుక్కు, ఇన్సూరెన్సు, పొల్యూషన్, పెన్సిల్ ప్రింటు, దొంగ బండి కాదని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) రికార్డు నుంచి తీసిన కాగితం ఇవ్వాలి. మోటారు వాహనాల చట్టం 48వ సెక్షను ప్రకారం 30 రోజుల్లో కాదని చెప్పకపోతే ఎన్‌ఓసీ ఇచ్చినట్టే లెక్క. అయినా చేతిలో కాగితం లేకుండా ఇక్కడి ఆఫీసులో పని జరగదు.

ఎన్‌ఓసీలో ఏ ఆర్టీఓకి అని రాయించేటప్పుడు చాలామంది పొరపడతారు. అది మీ ఆధార్ అడ్రసు పరిధిలోదే అయి ఉండాలి. తాళ్లరేవు వాళ్లకు కాకినాడ, ఐ.పోలవరం, ముమ్మిడివరం వాళ్లకు అమలాపురం. పొరపాటున వేరే ఊరు పడితే ఎన్‌ఓసీ రద్దు చేయించి మళ్లీ తీయించుకోవాలి.

డబ్బు సంగతి. ఎన్‌ఓసీ చేతికొచ్చేదాకా బయానా దాటి ఇవ్వకండి, బండినీ అక్కడే ఉంచండి. మిగతాది ఎన్‌ఓసీ అసలు కాగితం, సంతకాలు పెట్టిన ఫారం 29 (బండి అమ్మినట్టు తెలిపేది) రెండు కాపీలు, ఫారం 30 (పేరు మార్పు దరఖాస్తు), ఓనరు ఆధార్ జిరాక్సు అందుకున్నాక బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఫారం మీద సంతకం సి బుక్కులో పేరున్న మనిషిదే కావాలి. మూడు చేతులు మారి, ఖాళీ ఫారాల మీద సంతకాలతో తిరిగే బండి ఎంత చవకైనా వద్దు. కన్సల్టెన్సీలో కొంటుంటే ఫారం 29బి అడగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు అమ్మే డీలరుకు ఆర్టీఓ ఇచ్చిన ఆ అనుమతి ఉండాలి. డెలివరీ నోటు మీద తేదీతోపాటు గంట కూడా రాయించండి. పేరు మారేదాకా ప్రమాదానికి రికార్డులో ఉన్న ఓనరే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. డెలివరీ నోటు ఉన్నంత మాత్రాన ఆ బాధ్యత తీరదు కాబట్టి, పేరు త్వరగా మారడం అమ్మేవాళ్లకూ రక్షణే.

‘వేరే రాష్ట్రం బండి ఏడాది దాకా తిప్పుకోవచ్చు’ అనే మాట సగమే నిజం. ఏడాది గడువు కొత్త నంబరు తీసుకోవడానికి. పేరు మార్పుకు కొన్నవాళ్లకు ఉన్నది 30 రోజులే. ఇన్సూరెన్సు మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో అడగాలి. అప్పటిదాకా ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి పాలసీ పనిచేస్తుంది గాని, మీ బండి దెబ్బతింటే డబ్బు రాదు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత ఓనరుతోనే పోతుంది, ఆ తేడా మీరు కట్టాలి.

ఇంటికి తెచ్చే రోజున వారధి ఎక్కేముందు టైర్లలో గాలి చూసుకోండి, స్ప్లెండరుకు ఒక్కరే అయితే ముందు 25, వెనక 28. కోటిపల్లిలో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కించి ముక్తేశ్వరం వైపు దిగేట్టయితే సైడు స్టాండు ఒక్కదాని మీద వదలకండి, గేరులో పెట్టి పట్టుకుని నిలబడండి.

ఇక్కడి ఆర్టీఓలో కొత్త నంబరు అడిగే ఫారం 27, 29, 30, ఎన్‌ఓసీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్, ఆధార్, పాన్ పెట్టి స్లాట్ బుక్ చేసుకోవాలి. కేంద్ర నిబంధనల ప్రకారం మోటారు సైకిలు కొత్త నంబరుకు 300, పేరు మార్పుకు 150, సర్వీసు చార్జీలు వేరే. స్లాట్ రోజున బండి తీసుకెళ్లాలి. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు, అద్దాలు పనిచేయాలి. మార్చిన సైలెన్సర్ ఉంటే ముందే పాతది బిగించండి.

నంబరు వచ్చాక హై సెక్యూరిటీ ప్లేటు బిగించి, పీవై ప్లేటు తీసేయండి. కొత్త సి బుక్కు కాపీ ఇన్సూరెన్సు కంపెనీకి పంపి పాలసీలో కొత్త నంబరు ఎండార్స్‌మెంటు చేయించండి. పేరు ముందే మారినా, నంబరు పాతదే ఉండిపోతే క్లెయిమ్ పెట్టినప్పుడు ఆ పాలసీ ఈ బండిదేనని మళ్లీ రుజువు చేసుకోవాల్సి వస్తుంది.