రేడియో నుంచి వాట్సాప్ దాకా: మీ ఇంటి కథ రికార్డు చేసుకోవడం ఎలా

టెలిగ్రాం, రేడియో, ట్రంకాల్, టీవీ, సెల్‌ఫోన్ మన బతుకుల్ని ఎలా మార్చాయో చెప్పే పుస్తకాలు బోలెడు ఉన్నాయి, కానీ మన విశాఖ అక్కయ్యపాలెంలో మీ అమ్మమ్మ ఎవరింటికి వెళ్లి ఫోన్ మాట్లాడేదో ఏ పుస్తకంలోనూ దొరకదు. అది తెలిసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. 1963లో విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం మొదలైనప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకి ఇప్పుడు డెబ్బై దాటింది. అందుకే వాళ్ల మాటలు రికార్డు చేసే ఈ పని వచ్చే సంక్రాంతికి చూద్దాం అనుకోకండి, ఈ ఆదివారమే మొదలుపెట్టండి.

ముందు ప్రశ్నల సంగతి, ఎందుకంటే అసలు పనంతా అక్కడే ఉంది. "టీవీ వచ్చాక మన సంస్కృతి మారిందా తాతయ్యా?" అని అడిగితే "అవున్రా, అంతా చెడిపోయింది" అంటారు, కథ అక్కడితో అయిపోతుంది. అభిప్రాయం అడగొద్దు, ఆ రోజు ఏం జరిగిందో అడగండి. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ మొదలైంది, ఆదివారం పొద్దున్న వచ్చేది. ఆ టైముకి టీవీ ఎవరింట్లో ఉండేది? కుర్చీలో ఎవరు, చాప మీద ఎవరు, గుమ్మం బయట నిలబడి ఎవరు చూసేవారు? లోపలికి రమ్మని ఎవర్ని పిలిచేవారు, ఎవర్ని పిలిచేవారు కాదు? వంట ముందే అయిపోయేదా, లేక అమ్మ వంటింట్లోంచి డైలాగులు మాత్రమే వినేదా? ఇలా అడిగితే కులం, డబ్బు, ఆడామగా తేడా, ఇరుగుపొరుగు సంబంధాలు అన్నీ వాటంతట అవే బయటికొస్తాయి. నా దృష్టిలో మీడియా చరిత్ర అంటే ఇదే. పెట్టె ఏ కంపెనీదన్నది తర్వాత సంగతి, దాని చుట్టూ ఎవరు చేరారు, ఎవరు దూరంగా ఉండిపోయారు అన్నదే ముఖ్యం.

వట్టి చేతులతో వెళ్లకండి. అటక మీద వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది: పాత ఇన్‌లాండ్ లెటర్, పెళ్లి శుభలేఖ, రేడియో లైసెన్సు పుస్తకం. ఒకప్పుడు ఇంట్లో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది, ఈ కాలం పిల్లలకి చెబితే నమ్మరు. ఆ పుస్తకం చేతిలో పెట్టి మీరు ఊరుకోండి చాలు, రేడియో మీద కప్పిన ఎంబ్రాయిడరీ గుడ్డ దగ్గర్నుంచి, రాత్రిపూట గరగరమంటూ రేడియో సిలోన్ పట్టుకోవడానికి ముల్లు తిప్పిన తంటాల దాకా అన్నీ వాళ్లే చెప్పేస్తారు. ఉత్తరం దొరికితే "ఉభయకుశలోపరి" అన్నచోటు నుంచి పైకి చదవమనండి. శుభవార్త అయితే మూలలకి పసుపు, చావు కబురైతే చదివి చింపేయడం, గోడకి వేలాడే ఇనప తీగకి పాత ఉత్తరాలన్నీ గుచ్చిపెట్టడం, ఇవన్నీ అప్పుడే గుర్తొస్తాయి. టెలిగ్రాం గురించి మాత్రం వేరుగా అడగండి. పోస్టుమాన్ గుమ్మంలో "టెలిగ్రాం" అని అరిచాక, అది విప్పే లోపల ఇంట్లో ఏం జరిగేదో అడగండి. ఉద్యోగం వచ్చిందని చెప్పే టెలిగ్రాం కూడా ముందు గుండెల్లో దడ పుట్టించాకే ఇంట్లోకి వచ్చేది. మన దేశంలో ఆ సేవ 2013 జులైలో ఆగిపోయింది.

ఇక ఫోన్. నన్నడిగితే టీవీ కన్నా ఎక్కువ కథలు దీనిలోనే ఉన్నాయి, కాబట్టి టైమంతా దీనికిచ్చినా నష్టం లేదు. ట్రంకాల్, అంటే ఎక్స్ఛేంజి ద్వారా వేరే ఊరికి కలిపించుకునే ఫోన్, బుక్ చేసి గంటలు గంటలు కూర్చోవడం, ఆర్డినరీ, అర్జంట్, లైట్నింగ్ అని రకాలు, లైట్నింగ్ చేయాలంటే జేబు తడుముకోవడం. తర్వాత పక్కింటి నంబరునే మన నంబరుగా ఇచ్చి, పక్కన "పీపీ" అని రాసుకున్న రోజులు. ఆ పక్కింటివాళ్లు మన కబుర్లన్నీ వినేవారు, మన ఇంట్లో ఎవరికి సంబంధం కుదిరిందో మనకన్నా ముందు వాళ్లకే తెలిసేది, దానివల్ల కుదిరిన స్నేహాలూ చెడిన స్నేహాలూ రెండూ ఉంటాయి, రెండూ అడగండి. 1980ల చివర నుంచి పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు వీధి వీధికీ వచ్చాయి. బూత్‌ని అంగుళం అంగుళం గుర్తు చేయించండి: ఒక్క మనిషి పట్టే గాజు గది, ఎదురుగా ఎర్ర అంకెల మీటరు, అది ఒక్కో నంబరు పెరుగుతుంటే మాట వేగం పెరగడం, బయట లైన్లో నిలబడ్డవాళ్ల చూపులు. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది కాబట్టి డాబా గార్డెన్స్‌లోనో కంచరపాలెంలోనో తొమ్మిది దాటాక ఇంటి నుంచి బయటికెళ్లేవాళ్లు ఎవరు? ఆడపిల్లల్ని పంపేవారా, తోడు ఎవరెళ్లేవారు? ఆ గాజు గది చాలామంది అమ్మాయిలకి తలుపేసుకుని మాట్లాడుకునే మొదటి చోటు అయ్యుండొచ్చు. ఇది నా అనుమానం మాత్రమే, మీ ఇంట్లో వాళ్లని అడిగి తేల్చుకోండి.

పేపరు గురించి అడగడం మర్చిపోవద్దు, మన ఊరికి అది సొంత కథ. ఈనాడు మొదలైంది విశాఖపట్నంలోనే, 1974 ఆగస్టు 10న. అంతకుముందు విజయవాడ నుంచి వచ్చే పేపర్లు ఇక్కడికి చేరేసరికి పొద్దెక్కేది. తెల్లారేసరికి గుమ్మంలో పేపరు పడటం మొదలయ్యాక పొద్దుటి కాఫీ, టీ బడ్డీ దగ్గర ముచ్చట్లు ఏమయ్యాయో, చదవడం రానివాళ్లకి ఎవరు చదివి వినిపించేవారో అడగండి. ఫిషింగ్ హార్బర్ వైపు ఎవరైనా తెలిసినవాళ్లుంటే వాళ్లని అడగాల్సింది వేరు: వేటకెళ్లే ముందు రేడియోలో వాతావరణం చెబితే నమ్మేవారా, ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేశారన్న కబురు వాడకి ఎలా చేరేది, సెల్‌ఫోన్ వచ్చాక చేపల రేటు కనుక్కోవడం మారిందా.

తారీఖులు ఎవరికీ గుర్తుండవు, "మీ పెద్దమామయ్య పెళ్లయిన ఏడు" అంటారు. పర్లేదు, అందరికీ గుర్తుండే సంఘటనల్ని పట్టుకుని లెక్క కట్టండి. 1971 డిసెంబర్ యుద్ధం అప్పుడు రాత్రిళ్లు లైట్లార్పేయడం, 3వ తారీఖు రాత్రి తెల్లవారితే 4 అనగా మన తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోవడం, 1977 దివిసీమ ఉప్పెన, 1984లో ఇందిరా గాంధీ అంత్యక్రియలు. "ఆ వార్త మీకెలా తెలిసింది, ఎవరు చెప్పారు, రేడియోలో విన్నారా, టీవీలో చూశారా?" అంటే సంవత్సరమూ దొరుకుతుంది, ఆ రోజుకి ఇంట్లో ఏముందో కూడా తేలుతుంది. అనుమానం ఉంటే ద్వారకా నగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఆ నాటి పేపర్లు దొరుకుతాయేమో కనుక్కోండి. కానీ తారీఖు తప్పు చెప్పారని అక్కడికక్కడే సరిదిద్దకండి, మాట ఆగిపోతుంది, తర్వాత మీ నోట్సులో పక్కన రాసుకుంటే సరిపోతుంది.

పెద్దవాళ్లనే కాదు, ముప్పై ఏళ్లవాళ్లనీ కూర్చోబెట్టండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఊరంతా చేతిలో ఫోన్లు పెట్టుకుని ఎవరికీ కబురు చెప్పలేకపోయింది. అప్పుడు అమెరికాలో ఉన్న అన్నయ్యకి క్షేమంగా ఉన్నామని ఎలా చెప్పారు, ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకున్నారు, సిగ్నల్ ఫలానా చోట వస్తోందని ఎవరు చెప్పారు? తర్వాత 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు ఎవరు పెట్టారు, అందులోంచి మొదట ఎవరు బయటికెళ్లారు, ఎందుకు? ఇది అడిగేటప్పుడు కాస్త మెల్లగా అడగండి, పాత గొడవలు లేస్తాయి.

రికార్డింగ్‌కి మీ ఫోన్ చాలు. సైలెంట్ కాదు, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగ్ ఆగిపోవచ్చు. మన ఉక్కపోతకి కష్టమే గానీ సీలింగ్ ఫ్యాను ఆపాలి, లేదా కనీసం తగ్గించాలి, ఎందుకంటే ఆ హోరు మాట మీద కూర్చుంటుంది. మడత పెట్టిన తువ్వాలు మీద ఫోన్ పెట్టి మాట్లాడే మనిషికి జానెడు దూరంలో ఉంచండి. ముందుగా పేరు, ఊరు, వయసు వాళ్ల నోటితోనే చెప్పించి, రికార్డు చేస్తున్నానని చెప్పి సరేననిపించుకోండి. ఎవరికి వినిపించొచ్చో ఎవరికి వద్దో కూడా అప్పుడే అడిగేయండి. నలభై నిమిషాలు దాటనివ్వకండి, అలసిపోతారు. ఇంటికొచ్చాక ఫైలుకి మనిషి పేరు, తారీఖు పెట్టి రెండు చోట్ల దాచండి. రాసుకునేటప్పుడు వాళ్ల ఉత్తరాంధ్ర యాసని పుస్తకాల భాషలోకి మార్చకండి, ఎలా అన్నారో అలాగే రాయండి.

ఒకసారి విన్నాక ఖాళీలు కనిపిస్తాయి, వాటిని రాసుకుని మళ్లీ వెళ్లండి. ఈసారి అదే ఇంట్లో ఇంకొకర్ని అడగండి, తాతయ్య చెప్పిన రేడియో కథనే అమ్మమ్మని విడిగా కూర్చోబెట్టి అడగండి. ముల్లు తిప్పిందెవరో ఇద్దరూ ఒకటే చెబితే ఆశ్చర్యపోవాలి. రెండూ రాసుకోండి, ఎవరిది నిజమో మీరు తీర్పు చెప్పొద్దు.